వజ్రేశ్వరి చేతి పాలు

గ్రీష్మర్తువు ముదిరి భాగ్యనగరమునందలి సిమెంటు మిద్దెలు పగలెల్ల గ్రోలిన యెండను సాయంకాలమున మెల్లమెల్లగా వెడలగ్రక్కుచుండ, కృష్ణానగరపు సందులలో మల్లెపూల బండ్ల పరిమళమును మిరపకాయ బజ్జీల నూనెపొగయు నొండొంటితో గలిసి జనుల యుక్కపోతను రెట్టింపు చేయుచుండెను. మింట నక్షత్రములు పొడసూపుటకు మున్నే యింటింటను టీవీలు వెలిగి నీలికాంతులు కిటికీల వెంట వీధిలోనికి జారుచుండెను. ఒక యింట గైలాసశిఖరమున శంకరుడు జటలు విప్పి తాండవమాడుచుండెను. దాని ప్రక్కయింట జీర గట్టిన విదూషకుడొకడు పడి లేచుచుండ నవ్వుల హోరు చెలరేగుచుండెను. ఎదుటి మేడలో నేరపరిశోధనాకథ యొకటి నడచుచు రక్తసిక్తమైన గోడను బదేపదే చూపుచుండ, దాని దిగువ వాటాలో నొక యిల్లాలు బెండకాయ పులుసునకు దాలింపు పెట్టు విధమును జిరునవ్వుతో బోధించుచుండెను. వేరొకచోట బసివాండ్రు పాటలపోటీలో నోడి వెక్కివెక్కి యేడ్చుచుండిరి. మరియొకచోట పాడుపడిన బంగళాలో దెల్లచీర దాల్చిన దయ్యము మెట్లు దిగుచుండెను. అయినను భోజనముల వేళ యగునప్పటికి నీ వైవిధ్యమంతయు నొక్కుమ్మడి నడగి, కైలాసవాసియు విదూషకుడును దయ్యమును దెరమరుగై, సందునందలి యెల్ల యిండ్లను నొక్కటే కంఠము మ్రోగుచుండెను.

అది "వజ్రేశ్వరి నిలయము" అను ధారావాహికయందలి యత్తగారి కంఠము. మృదువై తేనెవలె జారుచు వినువారి వెన్నున జలి పుట్టించునట్టి యా కంఠము గల స్త్రీ యా సందులోనే యొక మిద్దెమీది రెండుగదుల వాటాలో గాపురముండెను. ఆమె పేరు హంసవేణి.

హంసవేణి తెనాలి ప్రాంతమున నొక నాటకసమాజమున బుట్టి పెరిగినది. రూపమునకును గాత్రమునకును గొదవ లేకున్నను, సమాజపు యజమాని కూతురు నాయికగా రంగమునేలుచుండుటచే నీమెకు జెలికత్తె వేషమును, దాసి వేషమును, మహారాజుగారి రెండవ రాణి వేషమును దప్ప మరియొకటి దక్కలేదు. ఆ సమాజమున హార్మోనియము వాయించు కోటిలింగమొక్కడు మాత్రము చెలికత్తె నోట వెడలు రెండు పాదముల పద్యమునకు సైతము నాయికకు బట్టినంత శ్రద్ధతో శ్రుతి పట్టెడివాడు. ఆ శ్రద్ధయే వారి పెండ్లికి గారణమాయెను. బిడ్డలు కలుగలేదు. నాటకములు చూచువారు కరవై సమాజము చెదరిన పిమ్మట దంపతులు భాగ్యనగరమునకు వచ్చి చేరిరి. హంసవేణి టీవీ కథాభాగములలో జిన్నచిన్న వేషములు ధరింపసాగెను.

ఆమె ధరింపని వేషము లేదు. నేరపరిశోధనాకథలో బావిలో దేలు శవమాయెను. భయానకకథలో జుట్టు విరబోసికొన్న మంత్రగత్తె యాయెను. పౌరాణికమున నొకమాఱు ఋషిపత్నియై శివభక్తి నుపదేశించెను. వంటల కార్యక్రమమున రుచి చూచి తలయూపు ముత్తయిదువ యాయెను. వేషమెంత యల్పమైనను గోటిలింగము టీవీ యెదుట జాప పఱచికొని కూర్చుండి, కచేరీకి వచ్చిన రసికునివలె దానిని దిలకించి, భార్య యింటికి రాగానే విమర్శించుచుండెను.

"శవంగా పడుకున్నా నీ చెయ్యి ఎంత నిజం చెప్పిందే! మిగతావాళ్ల చేతులు చెక్కముక్కల్లా ఉంటాయి. నీది మాత్రం అప్పుడే ప్రాణం పోయినట్టుంది."

"చాల్లెండి. మొహమైనా చూపించలేదు," అని యామె సిగ్గుపడుచు లోపలికి బోయి, యా మెప్పును గంచములో వడ్డించిన పరమాన్నమువలె దాచుకొని దాచుకొని యనుభవించెడిది.

వార్ధక్యమున గోటిలింగపు బుద్ధి సడలజొచ్చెను. మొదట రాగముల పేర్లు మఱచెను. పిమ్మట నింటిదారి మఱచెను. తుదకు టీవీలో జరుగునది వేఱనియు నింట జరుగునది వేఱనియు దెలియు వివేకము గోల్పోయెను. మెదడు క్షీణించుచున్నదనియు మందులు దానిని నిలుపజాలవనియు వైద్యుడు చెప్పెను. తొలినాళ్లలో నా వ్యాధియు హంసవేణికి దీపిగానే తోచెను. ఒకనాడు హాస్యకార్యక్రమమున నొక నటుడామె చెంప ఛెళ్లుమనిపించగా జూచువారెల్ల విరగబడి నవ్విరి. కోటిలింగము నవ్వలేదు. ఆమె గడపలో నడుగిడగానే గోరువెచ్చని కొబ్బరినూనె గిన్నెతో నెదురువచ్చెను.

"ఎవడే వాడు? వాడి చెయ్యి పడిపోను! నొప్పిగా ఉందా?" అనుచు నామె చెంపకు నూనె రాచెను. నొప్పి లేదని చెప్పుటకు మనసొప్పక యామె కన్నులు మూసికొని మూలిగెను. బావిలో శవమైన కథాభాగమును మరల బ్రసారము చేసిన నాడాతడు గొల్లుమని యేడ్వగా, నామె వంటయింటినుండి పరుగెత్తివచ్చి "నేను బతికే ఉన్నానండీ" అని యెదుట నిలిచెను. యమలోకమునుండి మరలి వచ్చిన దానినివలె నాతడామెను గౌగిలించుకొనెను. పెండ్లినాడు సైతము తానంతటి వలపు నెఱుగనని యామె తలంచెను.

అట్టి సమయమున వజ్రేశ్వరియను నా యత్తగారి వేషమామెను వెదకికొని వచ్చినది. నిరంజనుడను యువదర్శకుడు పదుగురు ప్రసిద్ధనటీమణులను బరీక్షించి తృప్తి నొందక, తుదకు హంసవేణి చేత నొక్క వాక్యము పలికించి కుర్చీనుండి లేచి నిలువబడెను.

"ఇన్నాళ్లూ ఎక్కడున్నారమ్మా మీరు? ఒక్కటే చెబుతాను. అరవద్దు. ఉరిమి చూడొద్దు. మెల్లగా, ప్రేమగా మాట్లాడండి. మీరు నవ్వితే చూసేవాళ్లకి ముద్ద దిగకూడదు."

జీవితమంతయు నాయిక వెనుక వింజామర పట్టుకొని నిలుచున్నవారికి దప్ప యా మాటల మత్తు తెలియదు. హంసవేణి పట్టుచీర గట్టి, రూపాయి కాసంత బొట్టు పెట్టి, ఱవ్వల ముక్కుపుడక దాల్చి, కథాభాగమునకొక క్రౌర్యముగా నింటింటి కాహారమాయెను. గర్భవతియైన కోడలికి బాలలో విషము గలిపి యిచ్చు ఘట్టము వచ్చినప్పుడు, మాటలు వ్రాసినవారి మాటలామెకు రుచింపలేదు. నిజమైన వాత్సల్యము వలె ధ్వనించు పలుకేదని యామె తనలో వెదకెను. వెదుకగా దొరకినది, ప్రతిసాయంకాలము తన భర్తకు బాలు త్రాగించుచు దాను పలుకు పలుకే. కోడలి తల నిమురుచు గ్లాసు పెదవులకు జేర్చి, సరిగా నింటిలో బలుకు స్వరమున, "తాగు నా తల్లి, చల్లారిపోతాయి. ఈ ఒక్క గుక్కే," అని లాలించెను. కెమెరా యాగిన పిమ్మట గోడలి వేషము వేసిన పిల్ల యామె చేతులు పట్టుకొని "భయమేసింది పెద్దమ్మా, నిజంగా," అనియెను. పనివాండ్రందఱు చప్పట్లు చఱచిరి. ఆ చప్పట్ల నడుమ హంసవేణికి దా నింటినుండి యేమి తీసికొని వచ్చినదియు స్ఫురింపలేదు.

ఆ కథాభాగము ప్రసారమైన సాయంకాలమామె గ్లాసుతో భర్త దరికి బోయెను. టీవీలో గోడలి నోట నురుగు వెడలుచుండెను.

"తాగండి, చల్లారిపోతాయి. ఈ ఒక్క గుక్కే," అని యామె యనియెను.

కోటిలింగము గ్లాసును జూచెను. తెరను జూచెను. మరల నామె ముఖమును జూచెను. అఱువదేండ్లు శ్రుతి పట్టిన చెవి యది. తక్కినదెల్ల మఱచినను స్వరమును మఱవలేదు. ఆతడు గోడకు జేరగిలబడి, మోకాళ్లు గుండెలకు ముడుచుకొని, "వద్దు తల్లీ. నేనేం చేశాను నీకు?" అని చిన్నపిల్లవానివలె బ్రతిమాలెను. గ్లాసు జాఱి పాలు నేలపాలాయెను.

నాటినుండి యామె చేతి యన్నము ముట్టడాయెను. ప్రక్కవాటాలోని బాలమణి, పగటిపూట నతని గనిపెట్టియుండు నుపకారిణి, గిన్నె తెచ్చి పెట్టిన గాని తినడు. "నీ పేరు చెప్తేనే వణుకుతుండు అక్కా," అని యామె జాలిపడెను. "గా సీరియల్ బంద్ చెయ్యరాదూ?"

హంసవేణి నిరంజనుని కడకు బోయి సంగతియంతయు జెప్పెను. ఆ యువకుడు దుష్టుడు కాడు. అంతయు విని, "మీరు ఊ అంటే వజ్రేశ్వరిని పదిహేను రోజుల్లో జైలుకి పంపించి కథ మార్చేస్తాను. ఛానెల్ వాళ్లతో నేను మాట్లాడుకుంటాను. లేదంటే ఇంకో రెండేళ్లు మీదే రాజ్యం. మీ ఇష్టం అమ్మా," అనియెను.

"ఆలోచించుకుని రేపు చెబుతాను బాబూ," అని యామె వచ్చివేసెను. మఱునాడు చెప్పలేదు. ఆ మఱునాడు చాముండివలె జడ విప్పి శపథము చేయు ఘట్టముండెను. అది ముగిసిన పిమ్మట జెప్పుదమనుకొనెను. ముగిసిన పిమ్మట దానికంటె గొప్ప ఘట్టమెదురాయెను. నిరంజనుడు మరల నడుగలేదు. తానాలోచించుచున్నానని యామె తన్ను దాను నమ్మించుకొనుచు వచ్చెను గాని, యాలోచింపవలసిన దేమియు మిగిలియుండలేదని యామె మనసునకు దెలియును.

వేషమును వదలుకొనజాలక యామె టీవీనే వదలగొట్టెను. దానిని మూటగట్టి బాలమణి యింట బెట్టించెను. కాని భోజనముల వేళకు నలుదిక్కుల గోడలనుండి వజ్రేశ్వరి కంఠమే వెడలుచుండ, కోటిలింగము గదిలో నటునిటు పరుగులిడుచు మంచముల క్రిందను దలుపుల వెనుకను వెదకసాగెను.

"పెట్టె ఎందుకు తీసేశారు? అందులో ఉంటే ఎక్కడుందో తెలిసేది. ఇప్పుడు మాట వినబడుతోంది, మనిషి కనబడటం లేదు. ఏ మూల నక్కిందో!" అని గోడకు దల మోదుకొనెను. టీవీని మరల దెచ్చి పెట్టవలసి వచ్చెను.

ఉదయవేళల ఛానెలువారు పాత పౌరాణికములను మరల బ్రసారము చేయుదురు. ఒకనాడు కాషాయచీరయు రుద్రాక్షమాలయు విభూతిరేఖలును దాల్చిన ఋషిపత్ని తెరపై గనబడగా గోటిలింగము లేచి చేతులు మోడ్చి కన్నీరు గార్చెను. అది వంటయింటి గుమ్మమునుండి చూచిన హంసవేణి, నాడే వేషసామగ్రి కొట్టులో బ్రతిమాలి యట్టి చీరయు మాలయు దెచ్చుకొని, విభూతి పూసికొని, పళ్లెరమున నన్నము గలిపికొని యాతని యెదుట నిలిచెను.

"తల్లీ! ఈ దీనుని కుటీరమునకు దయచేసితివా!" అని యాతడు నాటకపు వచనము నెత్తికొనెను. ఆమె ముద్ద యందిచ్చెను. ఆతడు ప్రసాదమువలె గన్నుల కద్దుకొని తినెను. తిని తిని తృప్తుడై, వాకిలివైపు జూచి, గొంతు దగ్గించి యాతడు నాటకపు భాష విడిచి చెప్పసాగెను.

"మా ఆవిడ ఉండేదమ్మా, హంసవేణి అని. చాలా మంచిది. గొంతు తేనె. ఈ రాక్షసి దాన్ని చంపేసింది. చంపి, దాని చీరలు కట్టుకుని, దాని పుస్తెలు మెళ్లో వేసుకుని ఈ ఇంట్లోనే తిరుగుతోంది. నాకు తెలుసన్న సంగతి దానికి తెలియదు. మీరు చెప్పకండి."

"చెప్పను నాయనా," అని హంసవేణి తన భర్తతో ననియెను.

ఇట్లు కొన్నాళ్లు గడచెను. అన్నమాతనికి నొంటబట్టినది, ముఖమున గళ వచ్చినది. తన్ను దానుగా నాతడు చూడకున్నను, తన చేతి యన్నము తినుచున్నాడుగదా యని యామె యా భాగ్యముతోనే సరిపెట్టుకొనెను. కాని భక్తునకు గోరికలుండును. ఒకనాటి యుదయమున గోటిలింగ మామె పాదములు పట్టుకొని విడువడాయెను.

"దాన్ని శపించండమ్మా. మా హంసవేణి ఉసురు పోసుకుంది. మీరు మహాతల్లులు. మీ మాటకి తిరుగు లేదు."

ఆమె మాటలు మార్చజూచెను. ఆతడు ముద్దను ద్రోసివేసి శపించువఱకు దిననని మొండికేసెను. రెండు పూటలు తినలేదు. మూడవ పూట హంసవేణి చెంబులో నుదకము గైకొని, ప్రాఙ్ముఖియై నిలిచి, నాటకశాల కడపటి వరుసవఱకు వినబడు కంఠమున, "ఓసి పాపాత్మురాలా! పతివ్రతను బొలియించి తదీయస్థానము నాక్రమించితివి గావున నీ నీడ యీ గడప దాటకుండుగాక! దాటెనేని నీవు నిలిచిన చోట గడ్డియు మొలవకుండుగాక!" అని జలము నేలపై విడిచెను. కోటిలింగము పసివానివలె చప్పట్లు చఱచెను.

"ఇక రాదు కదమ్మా?"

"రాదు."

ఆనాటినుండి యామె తన యింటికి దానుగా వచ్చుటకు వీలు లేకపోయెను. షూటింగునుండి వచ్చి బాలమణి వాటాలో జీర మార్చి విభూతి పూసికొనిన గాని గడప దాటరాదు. సొంత యింట సొంత ముఖముతో గూర్చుండి యొక గ్రుక్కెడు కాఫీ త్రాగు స్వాతంత్ర్యము సైతమామెకు లేదు. అయినను వజ్రేశ్వరి వేషమును వదలుదునని యామె నిరంజనునితో మాటమాత్రముగా నైన ననలేదు.

ఆషాఢమున నొక మధ్యాహ్నము, మబ్బులు క్రమ్మి గాలి బిగిసియున్న వేళ, హంసవేణి ముఖమున రంగుతో వజ్రేశ్వరి సింహాసనమువంటి కుర్చీలో గూర్చుండియుండగా బాలమణి ఫోను చేసెను.

"జల్ది రా అక్కా. ఆయనకు దమ్మాడ్తలేదు. అంబులెన్సుకు చెప్పిన, ఇంకా రాలే."

ఆమె యున్నదున్నట్లు లేచి పరుగెత్తి ఆటో యెక్కెను. పట్టుచీరయు ఱవ్వల ముక్కుపుడకయు రూపాయి కాసంత బొట్టును దన యొంటిమీద నున్నవన్న స్పృహ యామెకు లేదు. మెట్లెక్కి గదిలో బ్రవేశించునప్పటికి గోటిలింగము చాపపై వెల్లకిలబడి, నోరు దెఱచి, యెండిన నాలుకతో "నీళ్లు... నీళ్లు..." అని కలవరించుచుండెను. బాలమణి చేతి గ్లాసు లాగికొని యామె యాతని తల తన యొడిలో బెట్టుకొనెను.

"తాగండి. నేనొచ్చేశాను."

కన్నులు దెఱచి యాతడు చూచెను. బొట్టును జూచెను. ముక్కుపుడకను జూచెను. అంతవఱకు దెఱచియున్న నోరు మూతపడెను.

"వచ్చిందా... తల్లి శాపం కూడా దీన్నేం చెయ్యలేకపోయింది," అని పండ్ల సందున గొణిగెను.

"నేనండీ! హంసవేణినండీ! చూడండి నన్ను," అని యామె యరచేత బొట్టు తుడిచికొనుచు నేడ్చెను. కుంకుమ నుదుటినిండ బులుముకొని యా ముఖము మునుపటికంటె భయంకరమాయెను.

"దాని పేరు నీ నోట రానీకు," అని యాతడనియెను. అవియే కడపటి మాటలు.

ఆమె గ్లాసును బాలమణి చేతికిచ్చి దూరముగా దొలగెను. "బావా, నేను బాలమణిని, జర తాగు," అని యా యువతి బ్రతిమాలెను. కాని యా గ్లాసెవరి చేతినుండి వచ్చినదో యాతడు చూచియుండెను. పెదవులు బిగించి, కన్నులు మాత్రమా నీటిపై నిలిపి, దాహముతో గొంతు కదలుచుండగా ద్రాగక యుండెను. హంసవేణి బాలమణి వాటాకు బరుగెత్తి, ముఖమునకు సబ్బు రుద్దుకొని, కాషాయచీర చుట్టబెట్టుకొని, విభూతి పూసికొని మరలి వచ్చునప్పటికి గన్నుల కదలిక నిలిచియుండెను. ఆమె యా బిగిసిన పెదవులపై నీరు పోసెను. అది గడ్డము మీదుగా జారి చాపలో నింకిపోయెను.

వార్త సందంతయు బ్రాకెను. మఱునాటి యుదయమున జినుకులు పడుచుండగా శవమును దింపి వాకిట బరుండబెట్టిరి. వజ్రేశ్వరి మగడు పోయెనని విని యెన్నడును జూడనివారు సైతము చూడవచ్చిరి. మిద్దెలపై జనము, మెట్లపై జనము. నిరంజనుడు పూలదండ వేసి చేతులు కట్టుకొని యొక ప్రక్క నిలిచెను. హంసవేణి శవముపై బడి, రంగు లేని ముఖముతో, నెరసిన జుట్టు విడివడి చెదరగా, "ఒక్కసారి నన్ను నన్నుగా చూసి పోకూడదా! ఒక్కసారి పేరు పెట్టి పిలవకూడదా!" అని గుండెలు బాదుకొని యేడ్చెను. ఆ యేడుపులో నటన యన్నది లేశమును లేదు. జీవితమున మొదటిసారిగా నామె తన మాటలు దాను పలికెను.

వెనుక నిలిచిన స్త్రీలలో నొకతె ఫోను పైకెత్తి పట్టుకొని ప్రక్కదానితో మెల్లగా ననియెను: "ఎంత బాగా ఏడుస్తోందో చూడవే! సీరియల్లో ఒక్క చుక్క రానివ్వదు. ఆ గొంతులో జీర చూడు, ఒళ్లు జలదరిస్తోంది."

ఆ మాట హంసవేణి చెవిని బడెను. పడిన యా యరక్షణమున, శోకము నడుమనే, శోకముతో నిమిత్తము లేని దేదియో యామె లోపల దల యెత్తినది. కంఠము తనంత దానుగా నొక మెట్టు పైకి బోయి యచట నిలకడగా నిలిచెను. మోము శవముపైనుండి కొంచెము లేచి వెలుతురున్న దిక్కునకు, ఫోనున్న దిక్కునకు, మెల్లగా దిరిగెను.

తిరిగినదని యామెకు దెలిసెను. తెలిసినంతనే నోరు మూసికొనెను. ఆ పిమ్మట నెంత ప్రయత్నించినను నేడుపు రాలేదు. పాడె లేచుచుండగా గోడకు జేరగిలి పొడికన్నులతో నూరకుండిన యా యిల్లాలిని జూచి, మగడు వాకిలి దాటకమున్నే యేడుపు చాలించినదని యా స్త్రీలు మూతులు విఱిచిరి.